ట్రస్సు జోలికి పోకుండా లాఫ్ట్ హ్యాచ్ పెద్దది చేయడం ఎలా?

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో రెడింగ్ దగ్గర ఉంటున్నాం. 1990ల్లో కట్టిన మూడు బెడ్‌రూముల సెమీ డిటాచ్డ్ ఇల్లు కొనుక్కున్నాం. లాఫ్ట్‌లోకి, అంటే పెంకుల కప్పుకీ సీలింగ్‌కీ మధ్య ఉన్న ఖాళీలోకి, ఎక్కే హ్యాచ్ (సీలింగ్‌లో మూత ఉన్న దారి) మరీ చిన్నది, అటూ ఇటూ 50 సెంటీమీటర్లే. ఇండియా వెళ్ళేటప్పుడు వాడే పెద్ద సూట్‌కేసులు అందులోంచి పట్టడం లేదు. మా అత్తగారు, మామగారు గుంటూరు నుంచి ఆరు నెలలు ఉండటానికి వస్తున్నారు, వాళ్ళకి ఇవ్వాల్సిన చిన్న గది నిండా సూట్‌కేసులూ పిల్లల పాత సామానూ. ఇళ్ళలో చిన్నచిన్న మరమ్మతులు చేసే హ్యాండీమ్యాన్ వచ్చి చూసి, "పైన ఒక కర్ర అడ్డం వస్తోంది, దాన్ని ఒక మీటరు కోసేసి, ఆ చివరా ఈ చివరా అడ్డ చెక్కలు పెట్టి పక్క కర్రలకి బిగిస్తే అయిపోతుంది, సగం రోజు పని" అన్నాడు. మా ఆయన సరే అనేశారు. నాకే ఎందుకో భయంగా ఉంది. కోయించొచ్చా? వద్దంటే వేరే దారి ఏమైనా ఉందా?

సమాధానం: కోయించకండి. మీ భయం సరైనదే. ముందు ఆ హ్యాండీమ్యాన్‌కి ఫోన్ చేసి పని ఆపమనండి, మిగతాది తీరిగ్గా చదవండి. వేరే దారి ఉంది, ఖర్చు కూడా తక్కువే, కానీ అసలు ఆ కర్ర ఎందుకు కోయకూడదో మీ ఇద్దరికీ అర్థమైతే మీ ఆయనకి మీరు విడిగా నచ్చజెప్పాల్సిన పని ఉండదు.

ఒక టార్చ్ తీసుకుని హ్యాచ్‌లోంచి తల పైకి పెట్టి చూడండి. 1990ల ఇల్లు అంటున్నారు కాబట్టి దాదాపు ఖాయంగా కనిపించేది ఇదీ: సన్నటి కర్రలతో చేసిన పెద్ద త్రిభుజాలు, ఒకదాని వెనక ఒకటి వరసగా, ఒక్కో త్రిభుజం లోపల ఇంగ్లిష్ డబ్ల్యూ అక్షరంలాగా ఏటవాలు కర్రలు, కర్రా కర్రా కలిసే ప్రతి చోటా రెండు పక్కలా నొక్కి దిగగొట్టిన పళ్ళున్న ఇనుప ప్లేట్లు. ఇవే ట్రస్సులు. ఫ్యాక్టరీలో తయారు చేసి లారీలో తెచ్చి గోడల మీద నిలబెడతారు. బ్రిటన్‌లో 1960ల నుంచి కొత్త ఇళ్ళకి ఇవి వాడుకలోకి వచ్చాయి, ఆ తర్వాత కట్టిన మామూలు ఇళ్ళలో ఎక్కువ భాగం ఇవే. ఒక్కో కర్ర మందం 35 మిల్లీమీటర్లే ఉంటుంది. మన పక్క పెంకుటింటి దూలాలు చూసిన కళ్ళకి ఇవి పుల్లల్లా అనిపిస్తాయి, ఇంత సన్నది ఒకటి తీసేస్తే ఏమవుతుందిలే అనిపించడం సహజమే.

కానీ అంత సన్నగా ఉండీ నిలబడుతున్నాయంటే, ఒక్క కర్ర కూడా ఊరికే లేదన్నమాట. పైన ఉన్న రెండు ఏటవాలు కర్రల మీద కప్పు బరువంతా ఉంటుంది. కాంక్రీటు పెంకులైతే చదరపు మీటరుకి 40 నుంచి 50 కిలోల దాకా తూగుతాయి, ఒక మామూలు సెమీ ఇంటి కప్పు మీద అది మొత్తం రెండు టన్నులు దాటుతుంది. మంచు, గాలి దానికి అదనం. ఆ బరువుకి ఏటవాలు కర్రల కింది కొసలు బయటికి జారిపోవాలని చూస్తాయి, జారితే గోడల్ని కూడా బయటికి నెడతాయి. జారకుండా ఆ రెండు కొసల్నీ లోపలికి లాగి పట్టుకునేది కింద అడ్డంగా ఉన్న కర్ర, విల్లుకి నారి ఎలాగో అలాగ. మీ సీలింగ్ ప్లాస్టర్‌బోర్డు (జిప్సం పలక) దానికే కొట్టి ఉంటుంది, అందుకే చాలామంది అది సీలింగ్‌ని మోయడానికే ఉందనుకుంటారు. మీ హ్యాండీమ్యాన్ కోస్తానన్నది సరిగ్గా ఆ కర్రే. అందులో ఎప్పుడూ వందల కిలోల లాగుడు ఉంటుంది, రంపం పెట్టేవాడికి అది బయటికి కనపడదు.

అతను కావాలని మోసం చేస్తున్నాడని నేను అనను. పాత ఇళ్ళ కప్పులు వడ్రంగులు అక్కడికక్కడే కోసి కట్టినవి, వాటిలో మందపాటి కర్రలు ఒక్కోటీ తన బరువు తను మోస్తాయి. అలాంటి చోట ఒక కర్ర కోసి, దాని బరువు అడ్డ చెక్కల ద్వారా పక్క రెండింటికీ పంచడం వడ్రంగంలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. అతను బహుశా అదే నేర్చుకుని ఉంటాడు. ట్రస్సుకి వచ్చేసరికి ఆ లెక్క రెండు చోట్ల దెబ్బతింటుంది. ఒకటి, అడ్డ చెక్కలు కింది బరువుని పక్కకి చేరవేయగలవేమో కానీ తెగిపోయిన లాగుడుని మళ్ళీ కలపలేవు. రెండోది, పక్కనున్న ట్రస్సుల్ని ఫ్యాక్టరీలో తలా 60 సెంటీమీటర్ల కప్పుకే లెక్కగట్టి చేశారు. మధ్యది పనిచేయడం మానేస్తే దాని వాటా చెరి సగం వాటి మీద పడుతుంది, అంటే ఒక్కోదాని మీద అనుకున్నదానికి ఒకటిన్నర రెట్లు. వాళ్ళు లెక్క వేసేటప్పుడు ఇంత అదనాన్ని ఊహించి కర్ర మందం పెంచరు, పెంచితే అంత సన్నగా ఎందుకుంటాయి?

కోసిన రోజు సాధారణంగా ఏమీ జరగదు, ఇదే అన్నిటికంటే ప్రమాదం. పెంకుల కింది పట్టీలు, ప్లాస్టర్‌బోర్డు, పక్క ట్రస్సులు కలిసి కొన్నాళ్ళు సర్దుకుపోతాయి. హ్యాండీమ్యాన్ "చూశారా, ఏం కాలేదు" అని డబ్బులు తీసుకుని వెళ్ళిపోతాడు. తర్వాత ఏ చలికాలంలోనో సీలింగ్‌లో హ్యాచ్ మూల నుంచి ఒక గీత మొదలవుతుంది, పెయింట్ వేస్తే మళ్ళీ వస్తుంది. బయటికి వెళ్ళి రోడ్డు మీంచి చూస్తే కప్పు మీద ఒక చోట పెంకుల వరస కొంచెం దిగినట్టు కనిపిస్తుంది. ఈ ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ళ తరఫున ఇల్లు తనిఖీ చేసే సర్వేయర్ లాఫ్ట్‌లోకి తల పెట్టగానే చూసేది ఇదే. ఇంగ్లండ్‌లో ట్రస్సు కోయడం అంటే ఇంటి కట్టడంలో మార్పు, దానికి కౌన్సిల్ వైపు నుంచి గానీ, గుర్తింపు ఉన్న ప్రైవేటు వాళ్ళ నుంచి గానీ బిల్డింగ్ కంట్రోల్ (కట్టడం నిబంధనల ప్రకారం ఉందో లేదో చూసే విభాగం) ఆమోదం ఉండాలి, స్ట్రక్చరల్ ఇంజనీర్ లెక్కలు ఉండాలి. ఆ కాగితాలు లేకపోతే కొనేవాళ్ళ సొలిసిటర్ (లాయరు) మిమ్మల్ని ఊపిరాడనివ్వడు. ఇన్సూరెన్స్ వాళ్ళతోనూ అదే పేచీ.

ఇక మీకు కావలసిన దారి. ట్రస్సులు సాధారణంగా 600 మిల్లీమీటర్లకి ఒకటి చొప్పున ఉంటాయి. అది ఒక కర్ర మధ్య నుంచి ఇంకో కర్ర మధ్యకి. కర్ర మందం 35 తీసేస్తే రెండింటి మధ్య ఖాళీ 565 మిల్లీమీటర్లు. వెడల్పు విషయంలో మీకున్నది అంతే, దాన్ని మార్చాలని చూడకండి. పొడవు మాత్రం మీ ఇష్టం. రెండు ట్రస్సుల మధ్య సందు ఇంటి ముందు గోడ నుంచి వెనక గోడ దాకా ఉంటుంది కదా (ఎక్కువ ఇళ్ళలో ట్రస్సులు ముందు నుంచి వెనక్కే వేస్తారు, మీది ఎటు ఉందో పైన చూస్తే తెలుస్తుంది), ఆ సందులో హ్యాచ్‌ని 50 సెంటీమీటర్ల నుంచి 110 దాకానో 120 దాకానో పొడిగించుకోవచ్చు, ఒక్క ట్రస్సు కర్ర కూడా కోయక్కర్లేదు. కోసేది ప్లాస్టర్‌బోర్డు, జరిపేది హ్యాచ్ చివర్లో రెండు ట్రస్సుల మధ్య పెట్టిన చిన్న అడ్డ చెక్క. దాన్ని ట్రిమ్మర్ అంటారు. అది ట్రస్సులో భాగం కాదు. మీ హ్యాండీమ్యాన్‌కి అడ్డం అనిపించిన కర్ర పొడుగ్గా పోతూ రెండు చివర్లా గోడల దాకా వెళ్తుంటే అది ట్రస్సు, రెండు ట్రస్సుల మధ్య అరమీటరు ముక్కగా ఉంటే ట్రిమ్మర్. ముందు ఈ తేడా చూసుకోండి. అతను అన్నది నిజంగా ట్రిమ్మర్ గురించే అయితే గొడవే లేదు, కానీ "పక్క కర్రలకి బిగిస్తా" అన్నాడంటే ట్రస్సు గురించే అనిపిస్తోంది.

మరి సూట్‌కేసు పడుతుందా అంటారా? 565లో రెండు పక్కలా చెక్క లైనింగ్ 18 మిల్లీమీటర్ల చొప్పున తీసేస్తే దాదాపు 53 సెంటీమీటర్లు మిగులుతుంది. పెద్ద సూట్‌కేసు మామూలుగా 76 పొడవు, 52 వెడల్పు, 32 మందం ఉంటుంది. ఇప్పుడు మీరు దాన్ని నిలువుగా ఎత్తుతున్నారు, అందుకే 52 వెడల్పు 50 హ్యాచ్‌లో ఇరుక్కుంటోంది. హ్యాచ్ పొడవు 110 అయితే సూట్‌కేసుని పక్కకి తిప్పి, 76 పొడవుని హ్యాచ్ పొడవు వైపు, 32 మందాన్ని వెడల్పు వైపు పెట్టి ఎత్తండి, చుట్టూ చెయ్యి పట్టేంత చోటు మిగులుతుంది. మీ దగ్గరున్న అన్నిటికంటే పెద్ద వస్తువేదో టేపుతో కొలిచి, దాని మూడు కొలతల్లో చిన్నది 50 లోపు, మధ్యది 105 లోపు ఉన్నాయేమో చూడండి. ఉన్నాయంటే వెడల్పు పెంచాల్సిన అవసరం మీకు అసలు లేదు. పిల్లల మంచం, స్ట్రోలర్ లాంటివి విప్పితే ఎలాగూ పడతాయి.

పని ఎలా జరగాలో చెప్తాను, మీరు చేసినా వేరేవాళ్ళ చేత చేయించినా వరస ఇదే ఉండాలి. మొదట సీలింగ్‌ని కిందనుంచి చూడండి. గరుగ్గా, గీతలు గీసినట్టో చుక్కలు చుక్కలుగానో డిజైన్ ఉంటే ఆగండి. 2000కి ముందు కట్టిన ఇళ్ళలో ఆ పూతలో ఆస్‌బెస్టాస్ (దుమ్ముగా పీలిస్తే ఊపిరితిత్తులకి హాని చేసే పీచు) ఉండే అవకాశం ఉంది, బ్రిటన్‌లో దాన్ని పూర్తిగా నిషేధించింది 1999లోనే. 90ల ఇంట్లో ఉండే అవకాశం తక్కువే కానీ ఇంట్లో పిల్లలున్నారు, పైగా పెద్దవాళ్ళు వస్తున్నారు, కాబట్టి చిన్న ముక్క ల్యాబ్‌కి పంపి పరీక్ష చేయించి ఆ తర్వాతే రంపం పెట్టనివ్వండి. నున్నటి సీలింగ్ అయితే ఈ టెన్షన్ చాలా వరకు అక్కర్లేదు.

తర్వాత పైకెక్కి, పొడిగించబోయే వైపు ఇన్సులేషన్ దూదిని పక్కకి తీయండి. గ్లవ్స్, మాస్క్, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి, గ్లాస్ ఉన్ని ఒంటికి తగిలితే రాత్రంతా దురదే. కాలు ఎప్పుడూ కర్రల మీద అడ్డంగా వేసిన పలక మీదే పెట్టాలి, కర్రల మధ్య ఉన్నది 12.5 మిల్లీమీటర్ల ప్లాస్టర్‌బోర్డు అంతే, మనిషి బరువుకి కాలు కింది గదిలోకి దిగిపోతుంది. దూది తీశాక మూడు విషయాలు చూడాలి. పై అంతస్తు లైట్ల వైర్లు సాధారణంగా ఆ దూది కిందే పోతుంటాయి, కోసే చోట ఉంటే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి జరిపించండి, లేకపోయినా పని జరిగేటప్పుడు కింద మెయిన్ బోర్డులో ఆ సర్క్యూట్ ఆపేసి ఉంచండి. ఇంకొకటి, ట్రస్సు కర్రలు కలిసే చోట ఉన్న ఇనుప ప్లేట్లు. హ్యాచ్ అంచు సరిగ్గా ప్లేటు పక్కకి రాకుండా చూసుకోండి, ఎందుకంటే కొత్త ట్రిమ్మర్ స్క్రూలు ప్లేట్లలోకి దిగకూడదు. డబ్ల్యూ ఆకారం ట్రస్సులో కింది కర్ర మీద ఈ ప్లేట్లు దాదాపు మూడో వంతు, రెండు మూడో వంతుల దగ్గర వస్తాయి, మధ్య భాగం ఖాళీగా ఉంటుంది, అక్కడే తల ఎత్తుకుని నిలబడే చోటు కూడా ఉంటుంది కాబట్టి హ్యాచ్‌కి అదే మంచి స్థలం.

మూడోది చాలామంది గమనించరు. ట్రస్సుల మీద అడ్డంగా, వాటన్నిటినీ కలుపుతూ సన్నటి పట్టీ ఒకటి పొడుగ్గా పోతుంటుంది, సుమారు 100 మిల్లీమీటర్ల వెడల్పు, 25 మందం. ఇవి బ్రేసింగ్ పట్టీలు. ట్రస్సులన్నీ చీట్ల పేకలాగా ఒక పక్కకి ఒరిగిపోకుండా పట్టుకునేవి ఇవే. హ్యాచ్ దారిలోకి వస్తోందని వీటిని పీకేసే పనివాళ్ళు ఉన్నారు. పట్టీ ఉన్న చోటికి ముందే హ్యాచ్ ఆపేయండి, లేదంటే అవతలి వైపుకి పొడిగించండి.

కొత్త ట్రిమ్మర్‌కి ట్రస్సు కింది కర్ర ఎంత లోతుందో అంత లోతు చెక్కే తీసుకోవాలి. దాన్ని సరిగ్గా ఆ సందుకి కోసి, కొత్త అంచు రావాల్సిన చోట రెండు కర్రల మధ్య పెట్టి స్క్రూలతో బిగించాలి. ముందు సన్నటి డ్రిల్‌తో రంధ్రం పెట్టి ఆపైన స్క్రూ, లేకపోతే 35 మిల్లీమీటర్ల కర్ర చీలుతుంది. సుత్తీ మేకులూ వద్దని గట్టిగా చెప్పండి, ఒక్కో దెబ్బకీ పక్కనున్న ఇనుప ప్లేట్ల పళ్ళు కదులుతాయి, కింద సీలింగ్‌లో ప్లాస్టర్ బీటలిస్తుంది. కర్రలో గాడి తీసి ట్రిమ్మర్‌ని కూర్చోబెట్టడం కూడా వద్దు, గాడి అంటే అదీ కోతే. కొత్త ట్రిమ్మర్ బిగిశాక కిందనుంచి ప్లాస్టర్‌బోర్డుని దానికి స్క్రూ చేయాలి. అప్పుడు బోర్డు కోయాలి. పాత ట్రిమ్మర్‌ని అన్నిటికంటే చివర తీయాలి. ఈ వరస తిరగేస్తే, అంటే ముందే బోర్డు కోసేస్తే, కోసిన అంచు ఆధారం లేక కిందికి వేలాడి పగులుతుంది, ఆ తర్వాత ఎంత ఫిల్లర్ పూసినా గీత కనిపిస్తూనే ఉంటుంది.

నిచ్చెన కొనేముందు ఒక్క మాట. మడత చెక్క నిచ్చెనలు, మూతా ఫ్రేమూ కలిపి వచ్చేవి, చాలా వరకు 60 లేదా 70 సెంటీమీటర్ల వెడల్పుతో ఉంటాయి. ఆఫర్‌లో ఉందని అది కొని తెచ్చాక అది సందులో పట్టక, అప్పుడు మళ్ళీ ట్రస్సు మీద కన్ను పడుతుంది. ఫ్రేమ్ బయటి కొలత 55 దాటనిదే తీసుకోండి, ఆ కొలతలో కూడా దొరుకుతాయి. నిచ్చెన విప్పినప్పుడు కింద కాళ్ళు ఎక్కడ ఆనుతాయో ల్యాండింగ్‌లో (మెట్లెక్కగానే ఉండే నడవాలో) టేపు పెట్టి కొలవండి, మెట్ల అంచు దగ్గరికి వస్తే మూత తెరుచుకునే దిక్కు మార్చాలి. సూట్‌కేసు పట్టుకుని దిగే మనిషి వెనక్కి ఒక అడుగు వేస్తాడు, ఆ అడుగు మెట్ల మీదకి పోకూడదు. మామగారిని మాత్రం పైకి ఎక్కనివ్వకండి, మన పెద్దవాళ్ళు "నేను తీస్తాలే అమ్మా" అని ఎవరూ చూడనప్పుడు ఎక్కేస్తారు. వాళ్ళకి కావలసినవి కిందే ఉంచండి.

హ్యాచ్ పెద్దదైతే చలి కూడా పెద్ద దారి వెతుక్కుంటుంది. ఇక్కడ లాఫ్ట్ నేల మీద 270 మిల్లీమీటర్ల దూది ఉండాలని చెప్తారు, దాని మధ్యలో పలచటి చెక్క మూత పెడితే వెచ్చదనం అక్కడి నుంచి పోతుంది. ఇన్సులేషన్ ఉన్న మూత, చుట్టూ రబ్బరు పట్టీ, గట్టిగా మూసి ఉంచే గొళ్ళెం ఉండాలి. ఇందులో మన ఇళ్ళకి ప్రత్యేకమైన సంగతి ఒకటుంది. కుక్కర్ విజిళ్ళు, రెండు పూటలా అన్నం, పప్పు, చారు, పైగా చలికాలంలో ఇంట్లోనే ఆరేసే బట్టలు, ఇదంతా తేమ. సందు దొరికితే ఆ తేమ చల్లటి లాఫ్ట్‌లోకి పోయి కప్పు లోపలి వైపు నీటి చుక్కలుగా అతుక్కుంటుంది, జనవరిలో పైకెక్కితే సూట్‌కేసుల మీద నల్లటి బూజు కనిపిస్తుంది. మూత సరిగ్గా మూసుకోవాలి, వంటగదిలో ఫ్యాన్ వేయాలి, కప్పు చూరు దగ్గర గాలి వచ్చే సందుల్ని దూదితో గానీ పెట్టెలతో గానీ మూసేయకూడదు.

మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను: హ్యాచ్ పెద్దదైందంటే సామాను బరువు కూడా పెరుగుతుంది. మన దగ్గర స్లాబు ఇంట్లో సజ్జ మీద ఇత్తడి గంగాళాలూ బియ్యం డబ్బాలూ ఏం పెట్టినా చెల్లుతుంది, అది సిమెంటు. ఇక్కడ మామూలు ట్రస్సు కప్పులో సామాను కోసం లెక్కలో పెట్టేది చదరపు మీటరుకి దాదాపు 25 కిలోలు, దానితోపాటు మరమ్మతుకి ఎక్కే ఒక మనిషి బరువు. అంతే. నేల మీద పరిచే 18 మిల్లీమీటర్ల చెక్క బోర్డులే చదరపు మీటరుకి 12 కిలోల దగ్గర ఉంటాయి, ఆ 25లో సగం అక్కడే పోతుంది. ఖాళీ సూట్‌కేసులు, క్రిస్మస్ చెట్టు, సంక్రాంతి బొమ్మల కొలువు బొమ్మలు, పిల్లల తేలిక సామాను, ఇవి పెట్టుకోండి. రాళ్ళ గ్రైండరు, పుస్తకాల అట్టపెట్టెలు, స్టీలు గిన్నెల మూట, 20 కిలోల బియ్యం సంచులు పైకి పంపకండి. ఉన్నవి కూడా ఒకే మధ్య గడిలో పోగేయకుండా నాలుగైదు ట్రస్సుల మీద పరిచి పెట్టండి. బోర్డులు వేయిస్తే దూదిని నొక్కేయకుండా చిన్న కాళ్ళ మీద పైకి లేపి వేసే పద్ధతి ఉంది, నొక్కిన దూది చలిని ఆపదు. పట్టుచీరలు, పెళ్ళి ఆల్బమ్‌లు కూడా వద్దు, అక్కడ ఎండాకాలం మధ్యాహ్నం పొయ్యి మీద పెట్టినట్టు ఉంటుంది, చలికాలం రాత్రి గడ్డకడుతుంది.

ఇంత చెప్పాక కూడా, మాకు 565 చాలదు, ఇంకా వెడల్పు కావాల్సిందే అంటే దారి లేకపోలేదు. స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలవాలి, అతను పక్క ట్రస్సుల్ని జంటగా చేయడమో, కొత్త కర్రలు చేర్చి బలపరచడమో లెక్కగట్టి డ్రాయింగ్ ఇస్తాడు, కోసేముందు కింద నుంచి తాత్కాలికంగా స్తంభాలు ఆనించాలి, బిల్డింగ్ కంట్రోల్ వాళ్ళు వచ్చి చూడాలి. ఇంజనీర్ ఫీజే కొన్ని వందల పౌండ్లు అవుతుంది, పని ఖర్చు వేరే. పైన గది కట్టుకునే ఆలోచన ఉంటే ఆ ఖర్చులో ఒక అర్థం ఉంది. సూట్‌కేసులు ఎక్కించడానికి నేనైతే దండగ అంటాను. మీ ఇల్లు అపార్ట్‌మెంటులో పై అంతస్తు ఫ్లాట్ కాదు కాబట్టి లాఫ్ట్ ఎవరిదన్న ప్రశ్న మీకు లేదు, ఫ్లాట్‌లో ఉండి ఇది చదువుతున్నవాళ్ళు మాత్రం లీజు కాగితం చూడకుండా సీలింగ్ మీద చెయ్యి వేయకండి, చాలా చోట్ల లాఫ్ట్ ఫ్రీహోల్డర్‌దే (స్థలానికీ బిల్డింగ్‌కీ అసలు యజమాని).

ఆ హ్యాండీమ్యాన్‌నే మళ్ళీ పిలవాలనుకుంటే పిలవండి, అతన్ని ఇలా అడగండి: "ట్రస్సు కోయకుండా, రెండు ట్రస్సుల మధ్యనే హ్యాచ్‌ని పొడవుగా పెంచి, కొత్త ట్రిమ్మర్ స్క్రూలతో బిగించి ఇస్తారా, బ్రేసింగ్ పట్టీలు ముట్టుకోకుండా?" అతను వెంటనే అవునని, ప్లాస్టర్‌బోర్డు గురించీ వైర్ల గురించీ తిరిగి ప్రశ్నలు వేస్తే పని తెలిసినవాడే. "ఏం కాదండీ, ఎన్నో కోశాను" అంటే వేరే వడ్రంగిని చూసుకోండి. పని మొదలెట్టేముందు, అయ్యాక, పైనుంచీ కిందనుంచీ ఫోటోలు తీసి పెట్టుకోండి, ఇల్లు అమ్మే రోజున అవే మీకు సాక్ష్యం.

ఒకవేళ ఈ సమాధానం మీకు అందేలోపే కోత పడిపోయి ఉంటే కంగారు పడకండి, కానీ దాచి పెట్టకండి కూడా. లాఫ్ట్‌లో ఉన్న సామానంతా దించేయండి, అటువైపు ఎవరినీ ఎక్కనివ్వకండి, కోసిన ముక్కని పారేయకుండా ఉంచండి, ఆ వారంలోనే స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలిపించి చూపించండి. తెగిన ట్రస్సుకి మరమ్మతు ఉంటుంది, దాని డ్రాయింగ్ ఇంజనీర్ గీయాలి, హ్యాండీమ్యాన్ "రెండు పక్కలా చెక్క కొట్టేస్తా" అంటే ఒప్పుకోకండి.